గట్టు మీద నిలబడ్డ మనిషి

తాడేపల్లిగూడెం,
బుధవారం.

చెల్లి మెర్సీకి,

మీ ఇంటిల్లిపాదినీ ప్రభువు చల్లగా చూడాలని కోరుతూ మీ అక్క రాస్తున్నది.

ఫోనులో చెబుదామంటే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. నేను రెండో మాటకి వచ్చేలోపు "సరే అక్కా, ప్రార్థన చేసుకుందాం" అంటావు. దేవుడి పేరెత్తాక నేనేం అనను? కాగితానికి నువ్వు అడ్డం రాలేవు. అందుకే ఇన్నాళ్లకి కలం పట్టాను.

నిన్న నా మనవరాలు సిల్వియా ఏలూరు నుంచి ఫోన్ చేసింది. మీ చర్చి సండే స్కూల్ పిల్లలు నీ సాక్ష్యాన్ని నాటకం వేస్తున్నారట. "అమ్మమ్మా, అందులో నేనే నువ్వు. నాకు డైలాగు లేదు. పడవ దిగి వెళ్లిపోవడమే. ఆ అక్క మనసులో ఏమనుకుంటుందో కనుక్కుని రమ్మంది శాలిని టీచర్" అంది. మెర్సీ, ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడిగింది ఆ పిల్ల ఒక్కతే.

ఏటా కృతజ్ఞతా కూడికలో నువ్వు చెబుతావు. కొల్లేరు పొంగినప్పుడు, జ్వరంతో ఒళ్లు తెలియని అమ్మని కొల్లేటికోట నుంచి పడవలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, సగం దారిలో నేను దిగి ఇంటికి పోయానని. "సొంత అక్క వదిలేసినా నా ప్రభువు వదల్లేదు" అనగానే అందరూ ఆమెన్ అంటారు. వెనక బల్ల మీద కూర్చుని నేనూ ఆమెన్ అంటాను. ఏం చేయను? బయటికొచ్చాక సంఘ పెద్దలు నా భుజం తట్టి "పర్లేదమ్మా, దేవుడు క్షమిస్తాడు" అంటారు. విసుగొచ్చేసిందే నాకు.

నీ కథలో నువ్వు పడవలో ఉన్నావు. అక్కణ్ణుంచి చూస్తే దిగిపోతున్న నా వీపే కనబడుతుంది. ఒక్కసారి గట్టు మీద నుంచి చూడు. పడవలోకి నీళ్లొస్తున్నాయి. పడవ తోస్తున్న నిత్యానందం మావయ్య గెడ ఆపి, నాకు మాత్రమే వినబడేలా, "అమ్మాయ్, బరువెక్కువైంది. ఒకరు దిగితేగాని దాటలేం" అన్నాడు. చేపల చెరువు గట్టు ఒకటి నీళ్లలోంచి కాస్త పైకి కనబడుతోంది. నీకు చెబితే నువ్వూ నాతో దిగేస్తావు, అమ్మ తల పట్టుకునేవాళ్లుండరు. అందుకే చెప్పకుండా దిగాను. ఇంటికి ఎలా పోతాను? ఆ గట్టుకి అటూ ఇటూ గండ్లు పడ్డాయి. మిమ్మల్ని దించి మావయ్య తిరిగొచ్చేదాకా వానలో అక్కడే ఉన్నాను.

మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం అంటావేమో. ముందు, అమ్మ గండం గడిచింది, అదే చాలనుకున్నాను. ఆ తర్వాత నువ్వు మైకు దించలేదు.

ఆదివారం నాటకానికి వస్తున్నాను. అది అయ్యాక నేనూ లేచి నా వైపు చెబుతాను. నా మనవరాలి కళ్ల ముందు కూడా నోరు మూసుకుని కూర్చోలేను.

మీ అక్క,
పుష్పలత


తాడేపల్లిగూడెం,
సోమవారం.

మెర్సీ తల్లీ,

క్షేమంగా ఇల్లు చేరాను.

సిల్వియాకి ఆ రోజు ఫోనులో నేను చెప్పింది ఒక్కటే. "పడవ కనబడినంతసేపూ చూస్తూ నిలబడ్డానమ్మా" అని. దిగాక తెర వెనక్కి పోవాలని టీచరు నేర్పిందట. ఇది పోలేదు. బల్లలతో కట్టిన పడవ కదలదు కదా, కనబడుతూనే ఉంది. ఇదీ నిలబడే ఉంది. పక్కనుంచి శాలిని చెయ్యి ఊపుతూనే ఉంది, చివరి పాట కూడా అయిపోయింది, ఇది చూపు తిప్పలేదు.

నా ఉత్తరం చదివితే ఒళ్లు మండిందన్న దానివి, సిల్వియా అలా నిలబడటం చూశాక నా చెయ్యి పట్టుకున్నావు. "అలా చూస్తూ ఉన్నావా అక్కా? నేను వెనక్కి తిరగలేదే. తిరిగితే అమ్మ తల జారిపోతుందని భయమేసింది" అన్నావు.

ఆ మాట నాకెప్పుడు చెప్పావు? గట్టు మీద నాకూ నీ వీపే కనబడింది. ఒక్కసారైనా తిరిగి చూడలేదని ఇన్నేళ్లూ మనసులో పెట్టుకున్నాను. ఇక లేచి ఏం చెప్పను?

నువ్వూ అక్కడితో ఆగితే బాగుండేది. మళ్లీ మైకు తీసుకున్నావు. నేను పీకల్లోతు నీళ్లలో చేతులెత్తి ప్రార్థన చేశానట. నీళ్లు పాదాలు దాటలేదు. ప్రార్థనా చేయలేదు. గొడుగు నీ దగ్గరే ఉండిపోయిందని ఏడుస్తూ, నిన్ను తిట్టుకుంటూ నిలబడ్డాను. ప్రభువు విన్నాడు, ఆయన్నే అడుగు.

ఈ కాగితాలు నీ బైబిల్లో పెట్టుకో. ఎవరికీ చూపించకు. మైకు దగ్గరికి అసలు తీసుకెళ్లకు.

గొడుగు లేని నీ అక్క,
పుష్పలత