ఇంజను మీద అమ్మ పేరు

కొత్తపేట, 14-2-83

పాస్టరయ్యగారికి వందనాలు. అమ్మ దగ్గర లేనప్పుడు ఈ కార్డు నాన్నకు చదివి వినిపించగలరు.

నాన్నా, నేను పాఠాలు చెప్పే స్కూలు ఎగ్జిబిషను కోసం నువ్వు కర్రతో చెక్కిన డీజిలు రైలింజను చెక్కుచెదరకుండా చేరింది. చక్రాలు, కిటికీలు, ముందు దీపం అన్నీ పదిలం. గోనెపట్టా విప్పాకే చూశాను, పడవలకు రాసినట్టే దాని పక్కన "రాహేలు" అని రాశావు. నోటితో ఎప్పుడూ పిలవని అమ్మ పేరు! ఎవరిచేత రాయించుకుని దిద్దావో కానీ, ఒక్క గీతా తప్పలేదు.

హెడ్మాస్టరు గారు మాత్రం, "ఇంజనుకి నెంబరుంటాదమ్మా, ఆడవాళ్ళ పేరుంటాదా? గీకెయ్యండి" అని ఉప్పుకాగితం ఇచ్చేరు. నాకు చేతులు రాలేదు.

"మా అమ్మ పేరండి. మా నాన్న కొత్త పడవకి పేరు రాయందే నీళ్ళల్లోకి దింపరండి" అన్నాను.

ఆయన ఇంజను చుట్టూ ఓసారి తిరిగి, "అయితే ఉంచండి. మా ఆవిడ చెవిన మాత్రం వెయ్యకండి. నేను సైకిలు మీదైనా ఆవిడ పేరు రాయించలేదు" అన్నారు. పిల్లలు ఇప్పుడు దాన్ని రాహేలు బండి అంటున్నారు.

తమ్ముడి దగ్గు తగ్గిందా? మేక ఈనిందా? నా పాత దుప్పటి తీసుకురా.

శనివారం ఎగ్జిబిషను ముగిసేలోగా అమ్మను వెంటబెట్టుకుని రా. ఎందుకో చెప్పకు. తనకు చదవడం రాదుగా, వేలు పట్టుకుని ఆ మూడక్షరాల మీద నేనే దిద్దిస్తాను.

ప్రభువు మనింటిని కాయాలని ప్రార్థిస్తూ,
నీ కృపావతి