అత్తయ్య సమాధి పాటకు ప్రాక్టీస్

సెప్టెంబర్ 1, సోమవారం

డాక్టర్ నెల రోజులు అన్నాడు. మహా అయితే, అని కూడా అన్నాడు. అత్తయ్య బస్సు టైమ్ విన్నట్టు తలూపింది.

ఇంటికొచ్చి మంచమెక్కగానే క్వయర్‌ని పిలవమంది. సమాధి దగ్గర పాడే పాట తన ముందే ప్రాక్టీస్ చేయాలట. పోయాక ఎలాగూ వినలేదు, తప్పులుంటే ఎవరు దిద్దుతారు అని అడిగింది. నలభై ఏళ్ళు క్వయర్ నడిపిన మనిషి. ఆఖరి పాటను మా చేతుల్లో వదిలేసి పోతుందా.

ఏడుపు పాట వద్దట. పునరుత్థానం పాట కావాలట, మూడు చరణాలూ, హుషారుగా. మూడో చరణం చావుని ఎగతాళి చేసేది. అది నాలుగేళ్ళుగా నా నోట రావడం లేదు. ఇప్పుడు క్వయర్ లీడర్ని నేనే. చేతులూపుతాను, పెదాలు ఆడిస్తాను. చర్చిలో జనానికి నా వీపే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. క్వయర్‌కి తెలుసు. అడగరు.

సెప్టెంబర్ 2, మంగళవారం

మొదటి ప్రాక్టీస్. ముందు గది మంచానికే సరిపోయింది. ఆల్టో పాడే స్కూల్ టీచర్ బీరువాకి ఆనుకుని నిలబడింది. టెనర్ మా వీధి బార్బర్, ఒక కాలు గదిలో, ఒక కాలు వంటింట్లో. తప్పు వినిపిస్తే చాలు, అత్తయ్య స్పూన్‌తో స్టీల్ గ్లాసు మీద కొడుతుంది. టెనర్ ఈడుస్తున్నాడంది. నేను చెయ్యి మరీ ఎత్తుగా ఊపుతున్నానంది. ఇదంతా మేం తనని పాతిపెట్టే పాట గురించి.

చివర్లో బేస్ ఏదని, ఆ కింది గొంతు ఏదని అడిగింది. బేస్ లేకపోతే ఇది పాటలా లేదట, అతన్ని పిలవమంది.

నేను వంటింట్లోకి వెళ్ళి కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాను.

సెప్టెంబర్ 3, బుధవారం

ఎవరికీ చెప్పను కాబట్టి ఇక్కడైనా రాసుకుంటాను.

మా ఆయన వాటర్ వర్క్స్‌లో పనిచేసేవాడు. ఆ రోజు భూమిలో ఉన్న ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన మనిషి గాలాడక పడిపోయాడు. ఈయన ఆగకుండా నిచ్చెన దిగాడు. అతని నడుముకి తాడు కట్టి పైకి పంపాడు. తాడు ఈయన కోసం మళ్ళీ దిగేసరికి, కట్టుకునే ఓపిక ఈయనకి లేదు.

పైకి వచ్చిన మనిషే మా చర్చి బేస్. ఇప్పుడు పాడడు. ఆఖరి బెంచీలో తలుపు పక్కన కూర్చుని, ఆశీర్వాదం చెప్పకముందే వెళ్ళిపోతాడట. నాలుగేళ్ళుగా అతనితో నేను మాట్లాడలేదు.

మా ఆయన శవపెట్టె పక్కన నిలబడి పాస్టర్‌గారు, స్నేహితుడి కోసం ప్రాణం పెట్టడం కంటే పెద్ద ప్రేమ లేదని చెప్పారు. అందరూ ఏడ్చారు. కొందరి ముఖాల్లో గర్వం కూడా చూశాను. మరి నా వంతు ప్రేమ ఏమైందని అడిగితే విశ్వాసం తక్కువైందంటారు. నేలలో పడి చచ్చిన గోధుమ గింజ పంట ఇస్తుందని కూడా చెప్పారు. నాలుగేళ్ళయింది. ఏం మొలిచిందో ఎవరైనా చూపించండి.

సెప్టెంబర్ 6, శనివారం

బేస్ లేదని ఇవాళ మూడుసార్లు గ్లాసు కొట్టింది. గ్లాసు దాచేశాను.

సెప్టెంబర్ 9, మంగళవారం

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఉక్కగా ఉందని కిటికీ తీసి ప్రాక్టీస్ చేశాం. పక్కింటావిడ పాట విని, అత్తయ్య పోయిందనుకుని పాస్టర్‌గారికి ఫోన్ చేసింది. ఆయన చూడకుండా, అడగకుండా చర్చి గ్రూప్‌లో మెసేజ్ పెట్టేశారు, మన తల్లిగారు మహిమలో ప్రవేశించారని. అరగంటలో ఇల్లంతా తెల్లబట్టలు, పూలు. పాస్టర్‌గారు కళ్ళు తుడుచుకుంటూ లోపలికొచ్చేసరికి అత్తయ్య దిండుకి ఆనుకుని పాలు తాగుతోంది. ఆయన స్తోత్రం అన్నారు. దేనికో ఆయనకే తెలియాలి.

అత్తయ్య సంబరం ఇంతా అంతా కాదు. అందరినీ కూర్చోమంది. ఎవరెవరొచ్చారో, ఎవరు ఏ పూలు తెచ్చారో పేరుపేరునా చూసుకుంది. ఎలాగూ వచ్చారు కదా, పాట వినిపోండి అంది. పరామర్శకి వచ్చిన ఇరవై మందికీ టీ పెట్టింది మాత్రం నేను. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన ఒకావిడ, చక్కెర లేకుండా ఇవ్వమ్మా, షుగర్ ఉంది నాకు అని అడిగింది.

టీ ట్రేతో వాకిట్లోకి వెళ్తే, చెప్పుల గుట్ట పక్కన అతను, మా బేస్, గొంతుక్కూర్చుని ఉన్నాడు. చొక్కా అంచు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. అత్తయ్య బతికే ఉందని టీచర్ చెప్పినా లోపలికి రాలేదు. అయితే గురువారం ఎప్పటిలాగే రావచ్చా అని అడిగి వెళ్ళిపోయాడట.

ఎప్పటిలాగే!

సెప్టెంబర్ 10, బుధవారం

అడిగేశాను. అత్తయ్య దాచలేదు. నాలుగేళ్ళుగా ప్రతి గురువారం, నేను ఆసుపత్రి లాండ్రీలో షిఫ్ట్‌లో ఉండగా వస్తున్నాడట. బైబిల్ వాక్యం చదివి వినిపిస్తాడట. ఆవిడ కాలి గోళ్ళు తీస్తాడట. ఆవిడకి వంగడం చేతకాదు. మరి గోళ్ళు ఎలా పెరగడం లేదో ఒక్కసారి కూడా నేను ఆలోచించలేదు.

అరిచాను. కొడుకుని మింగిన మనిషి ఒళ్ళో కాళ్ళెలా పెట్టారు అన్నాను. చావబోతున్న మనిషితో అనే మాటేనా. అన్నాను.

అత్తయ్య నన్ను పూర్తిగా అరవనిచ్చింది. తర్వాత మెల్లగా అంది, నా కొడుకు వాణ్ణి పైకి పంపాడమ్మాయ్, నాలుగేళ్ళ నుంచి నువ్వు మళ్ళీ లోపలికి తోస్తున్నావ్ అని. వాడు పాడక, నవ్వక, మూల కూర్చుని కుళ్ళిపోతుంటే నా కొడుకు దిగింది దేనికి అని అడిగింది. తనూ రాయి కాదట, నాకు కనబడకుండా ఏడ్చుకుందట. కానీ మనకోసం ప్రాణం పెట్టిన ప్రభువు మనం తల దించుకుని తిరగాలని పెట్టలేదు, బతకాలని పెట్టాడు, సంతోషంగా బతకాలని, అంది.

వెంటనే బెడ్‌పాన్ అడిగింది. తలుపు ధడాల్న వేసి వెళ్ళిపోయే వీలు కూడా లేకుండా చేసింది.

సెప్టెంబర్ 11, గురువారం

షిఫ్ట్ మార్చుకుని ఇంట్లో కాపు కాద్దామనుకున్నాను. మార్చుకోలేదు. సాయంత్రం వచ్చి చూస్తే గోళ్ళు తీసి ఉన్నాయి. గుండ్రంగా, నున్నగా. నేనైతే అంత ఓపిగ్గా తీయను.

సెప్టెంబర్ 15, సోమవారం

స్టీమ్ ప్రెస్ కింద రెండు దుప్పట్లు మాడ్చాను. సూపర్‌వైజర్ ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉంది, కోపంగా ఉంది అన్నాను. ఎవరి మీద అంది. మూడో దుప్పటి ప్రెస్ కింద పెట్టాను.

నిన్న చర్చిలో ప్రభు సంస్కారం, ప్రభువు రక్తానికి గుర్తుగా ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. చిన్న గ్లాసుల ట్రే బెంచీ బెంచీకీ తిరుగుతోంది. నాలుగేళ్ళలో మొదటిసారి నేను వెనక్కి తిరిగి చూశాను. ట్రే దగ్గరికొస్తే అతను తీసుకోలేదు. రెండు చేతులతో పట్టుకుని పక్కవాళ్ళకి అందించాడు, వేడి గిన్నె అందించినంత జాగ్రత్తగా. పక్కావిడ అలవాటైనట్టు అందుకుంది.

నా గ్లాసు నా చేతిలోనే ఉంది. మీ కోసం అంటున్నారు పాస్టర్‌గారు. చిన్నప్పటి నుంచి వింటున్న మాట. ఇచ్చినవాడి గురించే ఎప్పుడూ ఆలోచించాను. తీసుకున్నవాళ్ళ లైన్లో నేనూ ఉన్నానని తట్టలేదు. ఎవరో దిగి, తాడు కట్టి పైకి పంపితే బతికినదాన్నే నేనూ. నేనేమైనా అతనికంటే యోగ్యురాలినా? పైకి వచ్చినందుకు నా మీద ఎవరూ కోపం తెచ్చుకోలేదు.

ఈ ఆలోచన నాకు నచ్చలేదు. వెళ్ళగొడితే పోవడం లేదు.

సెప్టెంబర్ 17, బుధవారం

రేపు ప్రాక్టీస్‌కి బేస్ కావాలని బార్బర్‌తో కబురు పంపాను. పాట కోసమే.

సెప్టెంబర్ 18, గురువారం

వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను పుస్తకంలోంచి తలెత్తలేదు. గొంతు తుప్పు పట్టింది, అయినా మొదటి చరణంలో అది కింద చేరగానే పాట కుదుటపడింది. అది ఒప్పుకోవాలి. అత్తయ్య కళ్ళు మూసుకుని వేళ్ళతో దుప్పటి మీద తాళం వేసింది. ఒక్క తప్పూ పట్టలేదు.

నేను పట్టాను. మూడో చరణంలో అతను పాడలేదు. పెదాలు ఆడించాడు. ఆ విద్య నాకు బాగా తెలుసు.

సెప్టెంబర్ 22, సోమవారం, ఉదయం ఆరు

అత్తయ్య వెళ్ళిపోయింది. నిద్రలోనే. పాస్టర్‌గారికి ఫోన్ చేస్తే, నిజమేనా అమ్మా, సరిగ్గా చూశావా అని రెండుసార్లు అడిగారు. నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపు వచ్చేసింది. రాత్రి నాకు తోడు పడుకున్న టీచర్‌కి ఫోన్ ఇచ్చాను, తనే చెప్పింది.

సెప్టెంబర్ 23, మంగళవారం

సమాధుల తోట. పెట్టె దించారు. రెండు చరణాలు బాగానే పాడాం. మూడో దాంట్లో అతని పెదాలు మాత్రమే ఆడుతున్నాయి.

చెయ్యెత్తి ఆపేశాను. పాస్టర్‌గారు కంగారుపడ్డారు. నేరుగా అతని ముఖం చూసి, మీరు పాడడం లేదు అన్నాను. నాలుగేళ్ళలో అతనితో నా మొదటి మాట అది.

మీరూ పాడడం లేదు కదమ్మా అన్నాడు.

నిజమే.

మళ్ళీ ఎత్తుకున్నాం, ఇద్దరం. గట్టిగా. మట్టి వేయడానికి పారలు పట్టుకున్నవాళ్ళు ఆగి చూశారు.

సంతోషంగా ఉంది. రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా ఉంది.