పాయ వద్దని చెప్పలేదు

12 డిసెంబర్ 1973, నిజామాబాద్

మోర్తాడ్ ఊరి లచ్చవ్వ ఈరోజు మా ల్యాబుకు సీసా తెచ్చింది. ఆమె ఎముకలు ఎంత కరుగుతున్నాయో చూడాలని డాక్టరుగారు ఒక పగలూ రాత్రీ మూత్రమంతా పట్టమన్నారు. అంతకుముందు రెండు రోజులు మాంసం ముట్టవద్దని నేనే చెప్పాను.

సీసాను కొంగు కింద దాచుకుని బస్సులో నిలబడి వచ్చిందట. ఏం తిన్నావని అడిగాను.

"ఒక్క తునక ముట్టలే బిడ్డా. బొక్కలకు బలమని కోడలు పాయ కాస్తే ఉత్త రసం తాగిన."

మేక కాళ్ళ రసంలో దిగేదీ ఎముక సారమే, అదీ మూత్రంలో కలిసే వస్తుంది. ఇక ఆ పరీక్ష ఆమె ఎముకల సంగతి ఏం చెబుతుంది? ఇక్కడ ఎవరికి బొక్కలు నొచ్చినా ముందు పాయే కాస్తారని నాకు తెలియదా? ఆ ఒక్క మాట చెప్పడానికి నోరు పడిపోయిందా?

డాక్టరుగారు తిడతారని భయపడి, లోపలికి వెళ్ళి సీసా పారబోశాను. మూత వదులై అంతా కారిపోయిందని, మళ్ళీ పట్టుకు రావాలని, ఈసారి పాయ కూడా వద్దని ఆమెకు చెప్పాను.

లచ్చవ్వ చేతులు జోడించింది. "తప్పు నాదే బిడ్డా, మూత సక్కగ బిగియ్యలే. డాక్టరు సారుకు చెప్పకు, కోపం చేస్తడు."

చెప్పనని మాటిచ్చాను.