కోటు మీద కొలత

వయోమింగ్,
ఆగస్టు 9.

లెలాండ్ అన్నయ్యకు,

తుపాకీ నీ చేత చేయించుకుంటానో, కొట్టులో తయారుగా ఉన్నది కొంటానో ఈ వారంలో తేల్చమన్నావు. తేల్చేముందు ఒక సందేహం.

వేట అనుమతికి పదకొండేళ్లు దరఖాస్తు పెట్టగా ఈసారి లాటరీ చీటీల్లో నా పేరు వచ్చింది. అక్టోబరులో ఒక్క ఎల్క్ దుప్పిని కొట్టడానికి అనుమతి. గురి తప్పితే మళ్లీ అన్నేళ్లు ఆగాలి. అప్పటికి ఆ కొండ ఎక్కే మోకాళ్లు నాకుండవు.

నిన్న నీ కొలతల కాగితం చూశాను. ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనించే మడమ చివరికి పదమూడున్నర అంగుళాలని రాశావు. జూన్‌లో కొలిచినప్పుడు నేను పల్చటి నూలు చొక్కాలో ఉన్నాను. వెంటనే స్వెట్టరు, దాని మీద వేటకోటు తొడుక్కుని భుజం దగ్గర మందం చూశాను. ముప్పాతిక అంగుళం! తుపాకీ ఎత్తగానే మడమ కోటులో చిక్కుకోదూ?

మా ఆయన ఓరిన్ గుమ్మంలో నిలబడి నవ్వాడు.

"ఆగస్టులో కోటేమిటే? వంటింట్లో మంచు పడుతోందా?"

"కొండ మీద పడుతుందిగా! కొట్టులోది ఎవరి కొలతకీ చెయ్యలేదు. అన్నయ్యది నా కొలతే, కాకపోతే జూన్ కొలత."

"ఆ మాటేదో మీ అన్నయ్యనే అడుగు. నా ప్రాణం తియ్యకు."

అందుకే శనివారం వస్తున్నాను, కోటుతోనే. కొట్టువాడు చూడ్డానికిచ్చిన తుపాకీ తెస్తాను. నీ నమూనా తుపాకీని ఆ కాగితంలోని కొలతకు బిగించి సిద్ధంగా ఉంచు. కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ భుజానికెత్తుతాను. కళ్లు తెరిచేసరికి ఏది గురికి సూటిగా ఉంటే అదే నాది.

అది నీది కాకపోతే అలగకూడదు, అన్నయ్యా.

నీ చెల్లెలు