చేపనూనె పూసిన రెండు సీట్ల కారు

చిరంజీవి తమ్ముడు రాఘవకు అక్క శారదాంబ దీవెనలు.

ముందు నీ ఉత్తరంలో తప్పులు దిద్దుతాను, క్షేమసమాచారాలు తర్వాత. సుభద్ర కొనబోయేది పందెపు కారు అని రాశావు. కాదు. అది ఒకప్పుడు పందాల్లో పరుగెత్తిన కారు. నువ్వు కాలేజీలో పరుగుపందెం గెలిచి కప్పు తెచ్చుకున్నావు. ఇవాళ మేడమెట్లెక్కితే గోడ పట్టుకుంటావు. తేడా అంతే ఉంది. ‘కొనబోయేది’ అనడం కూడా తప్పే. కొనాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. నేను మనవరాల్ని వెనకేసుకొస్తున్నానని దాని తండ్రి, అనగా నా పుత్రరత్నం మూర్తి, నీ దగ్గర మొర పెట్టుకున్నాడట. వెనకేసుకురావడం వేరు, అడ్డుపడకపోవడం వేరు. జన్మంతా కోర్టులో గడిపినవాడివి, ఈ తేడా నీకు నేను చెప్పాలా?

ఇక్కడ మేమిద్దరం కులాసా. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మీ ఆవిడ రక్తపోటు తగ్గిందా? అవి రాయకుండా మూర్తి మాటలు మోసుకొచ్చే ఉత్తరమైతే కార్డు ముక్క చాలు, కవరు దండగ చెయ్యకు.

సుభద్ర డాక్టరు ఉద్యోగం కోసం మద్రాసు వదిలి ఈ కృష్ణపట్నం తీరానికి వచ్చాక నాకు తెలిసిందేమిటంటే, సముద్రం చూడ్డానికి బాగుంటుంది గానీ కాపురానికి పనికిరాదు. అప్పడాలు ఆరవు. అగ్గిపుల్ల వెలగదు. చుట్టూ ఉప్పుమళ్ళే, కానీ మా జాడీలో ఉప్పు మాత్రం కరిగి నీరై కూర్చుంటుంది. కూరలు నెల్లూరు నుంచి బస్సు మీద వస్తాయి. ఇల్లు చేరేసరికి వాటి వయసూ నా వయసూ ఒకటవుతుంది. బియ్యం మాట చెప్పాలి. కొడవలూరు రైతు ఒకాయన సుభద్ర చేత వైద్యం చేయించుకుని బస్తా బియ్యం పంపించాడు. ఆ అన్నం తిన్నాక, మనం మద్రాసులో ఇన్నాళ్ళూ తిన్నది బియ్యం కాదని తెలిసింది. ఈ ముక్క మీ ఆవిడకు చదివి వినిపించకు. ఎండుచేపల వాసనకు మొదట్లో ముక్కు మూసుకునేదాన్ని. ఇప్పుడు గాలి మళ్ళి వాసన ఆగిపోతే, ఊరికి ఏమైందోనని కిటికీ తీసి చూస్తున్నాను.

తోచడం లేదా అని అడిగావు. మనుషులు లేక కాదు. ఇక్కడి ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటే పొద్దు వాలేదాకా లేవరు. నేను పుస్తకం పట్టుకుంటే, “ఏందవ్వా, ఇంగా పాసు గాలేదా?” అని అడుగుతారు. చదివినదాన్ని గురించి నాతో పోట్లాడే మనిషే లేదు. అదొక్కటే లోటు.

ఇక అసలు సంగతి. సక్రమంగా చెప్పగలనో లేదో తెలియదు, ఎందుకంటే నాకే సక్రమంగా అర్థం కాలేదు.

మొన్న శ్రావణంలో ఉత్తరాన ఉన్న పల్లె నుంచి కబురొచ్చింది, ఒక పిల్లకు పురిటి నొప్పులని. ఎద్దులబండి కట్టించుకుని సుభద్ర వెళ్ళేసరికి ఆలస్యమైంది. బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు. ఇంకొంచెం ముందు వచ్చి ఉంటేనా అని ఎవరూ అనలేదు. అని ఉంటే బాగుండేది. వాళ్ళు సుభద్రకు కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చి, ఎండలో ఇంత దూరం వచ్చావు తల్లీ అంటూ బండి దాకా వచ్చి సాగనంపారట. అప్పటినుంచి ఈ పిల్ల అన్నం తింటుంది గానీ ఏం తిన్నదో చెప్పలేదు. పులుసులో ఉప్పు వెయ్యడం మరిచిపోయిన రోజున కూడా, బాగుంది బామ్మా, అంది.

సర్కారు వారు ఆసుపత్రికి జీపు ఇస్తామని ఎప్పుడో రాశారు. ఆ జీపు ఇప్పటికీ కాగితాల మీదే తిరుగుతోంది. మూర్తి ఏమో, నువ్వు చెయ్యగలిగింది చేశావు, ఉద్యోగం వదిలి వచ్చెయ్యి, త్యాగరాయనగర్లో డిస్పెన్సరీకి గది చూసిపెట్టాను అని రాశాడు. సుభద్ర ఔననలేదు, కాదనలేదు. ఒక రోజు నా దగ్గర కూర్చుని, “బండి ఉంటే ఉంటాను బామ్మా. లేకపోతే వెళ్ళిపోదాం. ఎద్దుల వెనక కూర్చుని ఇంకొకసారి ఆ దారిన పోలేను. నువ్వే చెప్పు, నీ మాట నాన్న వింటాడు” అంది. మూర్తి నా మాట వింటాడని దానికి ఎవరు చెప్పారో తెలియదు.

ఈ చుట్టుపక్కల అమ్మకానికి ఉన్న బండి ఒక్కటే. ఉప్పు కంట్రాక్టరు వెంకురెడ్డి గారిది. వయసులో ఉండగా మద్రాసులో, స్వదేశానికి పోతున్న ఒక దొర దగ్గర కొన్నారట. ఇప్పుడు ఆయన పొట్టకూ స్టీరింగుకూ సఖ్యత చెడింది, అందుకని అమ్మేస్తున్నారు. రెండే సీట్లు. టాపు గుడ్డది, దాన్లోంచి నక్షత్రాలు లెక్కపెట్టుకోవచ్చు. ఒకప్పుడు ఎరుపట. కూర్చుంటే రోడ్డు మీద చాప వేసుకుని కూర్చున్నట్టే ఉంటుంది. బండి మొత్తంలో ఏ లోపమూ లేనిది హారను ఒక్కటే. ధర ఒక మంచి ఎద్దుల జత కంటే తక్కువ. ఆ చవకే నాకు మొదటి భయం.

రోగిని ఇందులో ఎక్కడ పడుకోబెడతావే అని అడిగాను. రోగిని తీసుకురావడానికి కాదు, రోగి దగ్గరికి నేను పోవడానికి, అంది సుభద్ర. ఉప్పు లారీల కోసం వేసిన గట్టిరోడ్డు పల్లెలన్నిటి పక్కనుంచీ పోతుంది గనక ఆ మాట నిజమే. దారిలో చెడిపోతే ఏం చేస్తావని అడిగాను. ఎద్దులకు కుంటు రాదా, అంది. అదీ నిజమే. ఇలా ప్రతిదానికీ నిజమైన జవాబు చెప్పేవాళ్ళంటే నాకు అనుమానం.

వెంకురెడ్డి గారు మర్యాదస్తులు. “నాలుగు దినాలు మీ దొడ్లోనే పెట్టుకోండమ్మా, బాగుంటే జూద్దాం. ఇది కారు గాదు, గుర్రం” అన్నారు. గుర్రం ఎన్నేళ్ళు బతుకుతుందండీ అని అడిగాను. ఆయన నవ్వి తాళంచెవి సుభద్ర చేతిలో పెట్టారు. సుభద్ర స్టీరింగు పట్టుకుని ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. రాఘవా, అది నవ్వింది. శ్రావణం తర్వాత నవ్వడం అదే. ఆ నవ్వు చూసి సంతోషించాలో, ఈ డొక్కును ఇప్పుడు కాదనడానికి వీల్లేకుండా పోయిందే అని ఏడవాలో నాకు తెలియలేదు.

మర్నాడు మందులు తేవడానికి ఇద్దరం బస్సులో నెల్లూరు వెళ్ళి వచ్చేసరికి, వీధి మలుపులోనే వాసన కొట్టింది. దొడ్లో బండి తళతళ మెరుస్తోంది. ఇక్కడి జాలరుల పల్లెపెద్ద పోలయ్య, ఇంకో ముగ్గురు మనుషులు, కొబ్బరిపీచు ముద్దలతో చేపనూనె ముంచి బండి అంతా రుద్దుతున్నారు. రేకులకు, తోలు సీట్లకు, టాపు గుడ్డకు, ఆఖరికి అద్దానికి కూడా.

నా మొహం చూసి పోలయ్య, “అట్టా జూస్తా ఉండావేందవ్వా? ఉప్పుగాలికి ఇనుము నిలస్తాదా? మా పడవలకు పూసినట్టే పూసినాం” అన్నాడు.

ఇది మాది కాదయ్యా, ఇంకా కొనలేదు, పరాయివాళ్ళ సొత్తు అని చెప్పాను.

“పరాయోళ్ళ పడవకు మేము నూనె పుయ్యం గదవ్వా” అన్నాడు.

విచారిస్తే వీళ్ళకు అదొక కట్టుబాటని తెలిసింది. ఎవరి పడవకు వాళ్ళే నూనె పూసుకోవాలి. పరాయివాడి పడవ మీద చెయ్యి వెయ్యడం తప్పు. పదిమందీ చేరి పూశారంటే అది పదిమందిదీ అని అర్థం. ఉత్తరపు పల్లె నుంచి కూడా ఒక మనిషి నూనె తెచ్చాడట. ఆ చనిపోయిన పిల్ల మొగుడు. ఎవరో చూపిస్తే చూశాను. తల ఎత్తకుండా చక్రానికి పూస్తున్నాడు. నాకు తిట్టడానికి చాలా మాటలు వచ్చు, నీకు తెలుసు. లోపలికి పోయి వాళ్ళకు మజ్జిగ కలిపి తెచ్చాను.

ఆ మర్నాడు పొద్దున సుభద్ర బండి తీస్తూ నన్ను పక్కన కూర్చోమంది. ఎందుకు ఎక్కావని నువ్వు అడుగుతావు. వస్తువు కళ్ళతో చూడకుండా తీర్పు చెప్పడం మీ కోర్టుల్లో చెల్లుతుంది గానీ నా దగ్గర చెల్లదు. గట్టిరోడ్డు మీద బాగానే పోయింది. గాలికి నా ముడి ఊడింది, సముద్రం పక్కనే పరుగెత్తుకొచ్చింది, నేను ఏదో అన్నాను, సుభద్ర వినిపించలేదంది. కాలువ కట్ట మీదనుంచి ఉప్పుమళ్ళలోకి దిగే చోట సుభద్ర బ్రేకు తొక్కింది. బండి ఆగలేదు. మళ్ళీ తొక్కింది. బ్రేకు పట్టలేదు. పిల్ల కంగారు పడకుండా స్టీరింగు తిప్పి, వెంకురెడ్డి గారి ఉప్పుకుప్పల్లో అన్నిటికంటే పెద్దదాన్ని ఎంచుకుని అందులోకి పోనిచ్చింది. మెత్తగానే గుద్దుకున్నాం. ఇద్దరికీ చిన్న గీత కూడా పడలేదు, నువ్వు బెంగ పెట్టుకోకు. బండికి నూనె ముందే పట్టింది, ఇప్పుడు ఉప్పూ పట్టింది. ఊరగాయకు కారం ఒక్కటే తక్కువ. ఆ లోటు నా నోరు తీర్చింది.

పోలయ్య పరుగెత్తుకొచ్చి సంగతి విని తల పట్టుకున్నాడు. “చక్రం కిర్రుమంటా ఉంటే లోపలగూడా పోసినాం అవ్వా. ఆపేది ఆడనే ఉంటాదని మాకేం దెలుసు? పడవకు బ్రేకు యాడుంటాది?”

ఉండదు. నిజమే కదా. వాళ్ళను ఏమనగలను?

వెంకురెడ్డి గారు పాడైన ఉప్పు ఊసే ఎత్తలేదు. “ఈ వాసనతో దీన్ని నెల్లూర్లో ఎవురు కొంటారమ్మా, మీరే ఏలుకోండి” అన్నారు. ఆయన కోప్పడి ఉంటే ఈ పాటికి బేరం వదిలేసి ఉందును. మంచివాళ్ళతో వచ్చిన చిక్కే ఇది.

ఆ సాయంత్రం సుభద్ర తలలోంచి ఉప్పు దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

“బామ్మా, వద్దని చెప్పు. నువ్వు వద్దంటే నాకు హాయి.”

ఏం, భయపడ్డావా అన్నాను.

“భయం కాదు. రోగుల కోసం, రోగుల కోసం అని అందరికీ చెప్పాను. స్టీరింగు పట్టుకున్నాక నాకు ఒక్క రోగీ గుర్తు రాలేదు. ఉత్తరపు పల్లె కూడా గుర్తు రాలేదు. అది తప్పు కాదూ?”

రాఘవా, ఇక్కడే నాకు ఏమీ పాలుపోవడం లేదు. తప్పే అనుకుంటాను కాసేపు. వీళ్ళు నమ్మి నూనె పూసింది దీని సరదా కోసం కాదు కదా. మళ్ళీ అనుకుంటాను, సరదా లేని డాక్టరు ఈ ఇసుకలో ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆకలి వేసినవాళ్ళు వండితేనే వంట రుచిగా ఉంటుందని మన అమ్మ అనేది. ఆ మాట దీనికి అతుకుతుందో లేదో కూడా తెలియడం లేదు. వద్దంటే పిల్ల ప్రాణం భద్రం. త్యాగరాయనగర్లో దగ్గులూ జలుబులూ చూసుకుంటూ, నేను వండింది ఏదైనా బాగుంది బామ్మా అంటూ బతుకుతుంది. సరే అంటే, ఆగని బండి ఎక్కించి నేనే పంపినదాన్నవుతాను. వాళ్ళ నాన్న మొహం ఎలా చూడను? అదీ గాక, మద్రాసు తిరిగి వెళ్ళడమంటే నాకే ఎందుకో కాళ్ళు సాగడం లేదు. ఈ మాట లెక్కలోకి తీసుకోవచ్చో కూడదో నువ్వే చెప్పు. సుభద్రతో మాత్రం, నాలుగు రోజులు ఆగు, ఆలోచిస్తాను అన్నాను. ఆలోచిస్తూనే ఉన్నాను. రోజుకో తీర్పు వస్తోంది.

నీ అభిప్రాయం రాయి. రాసినంత మాత్రాన పాటిస్తానని కాదు. ఎదురు వాదించడానికి ఎవరైనా ఉంటే నా మనసు నాకు తెలుస్తుంది.

పెద్దక్కయ్యకు నా నమస్కారాలు చెప్పి, నన్నూ సుభద్రనూ దీవించమను. నన్ను దీవించగల వయసువాళ్ళలో ఇంక ఆవిడ ఒక్కర్తే మిగిలింది. మీ ఆవిడకూ పిల్లలకూ ఆశీస్సులు. మూర్తికి కూడా ఆశీస్సులే, కోపం వేరే ఉత్తరంలో రాస్తాను. మేం క్షేమంగా ఉన్నాం, వేళకు తింటున్నాం, నువ్వు నిద్ర చెడగొట్టుకోకు.

నీ మేలు కోరే అక్క,
శారదాంబ

తా.క. నెల్లూరు బస్సు కండక్టరు గోనెగుడ్డ మూట ఒకటి తెచ్చి ఇస్తాడు. అందులో ఉన్నవి ఆ కారు బ్రేకు షూలు, అంటే చక్రాన్ని లోపలినుంచి ఒత్తి ఆపే ముక్కలు. నెల్లూరు మెకానిక్కు వచ్చి విప్పి ఇచ్చాడు; వాటి మీద నూనె తాగిన లైనింగు పొర ఇంక పట్టదట, ఈ రకంది మద్రాసులోనే దొరుకుతుందట. మౌంటు రోడ్డు వెనక సందుల్లో పాత మోటారు సామాను కొట్లు ఉన్నాయి కదా, అక్కడ చూపించి అదే కొలతకు కొత్తవి వేయించు. చవక రకం వద్దు. కొంటున్నామని అర్థం చేసుకోకు. కొన్నా కొనకపోయినా, ఆగని బండిని జనం తిరిగే చోట ఉంచకూడదు. మూటను ఇంట్లోకి తేకు, మీ వీధి పిల్లులన్నీ వెంటపడతాయి. ముందు కిరసనాయిలుతో కడిగించు. మూర్తి కంట పడనివ్వకు. ఆదివారం లోపల తిరుగు బస్సుకు తప్పకుండా అందించు, ఉత్తరపు పల్లెలో ఇంకో పిల్లకు నెలలు నిండాయి.