కత్తిరించిన మాట

గురువారం

రజిత ఈరోజు ఇల్లు ఖాళీ చేసింది. కర్మన్‌ఘాట్‌లోని ఆ ఇంట్లో ఆమె, భర్త శ్రీను, ఆమె ప్రేమించిన ప్రవీణ్ నాలుగేళ్లుగా కలిసి ఉంటున్నారు. ముగ్గురూ కూర్చొని మాట్లాడుకునే అలా ఉండాలనుకున్నారు.

పోయిన వారం మా ఛానల్ కోసం ఆమెను మాట్లాడించింది నేనే. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లం కాబట్టి నన్ను నమ్మింది. "మా ఆయనకు తెల్వకుండ నేనేం చెయ్యలేదక్కా. గీ ముక్క మాత్రం తప్పకుండ ఎయ్యి," అంది. పక్కనే కూర్చున్న శ్రీను అవునన్నట్టు తలూపాడు.

మా ఎడిటర్ ఆ ముక్కే తీసేశాడు. "మొగుడు ఒప్పుకున్నాడంటే ఇంక వార్తేముందమ్మా?" అన్నాడు. 'భర్త ఇంట్లోనే ప్రియుడితో కాపురం' అని రాసి నా ముందు పెట్టాడు. నేను దాన్ని వార్తల్లో చదివాను. గొంతు కూడా తడబడలేదు.

అది టీవీలో చూసి ఇంటి ఓనర్ వాళ్లను రెండు రోజుల్లో పొమ్మన్నాడట. మధ్యాహ్నం నేను వెళ్లేసరికి శ్రీను, ప్రవీణ్ కలిసి బీరువాను ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నారు. నన్ను క్షమించమని రజితను అడిగాను. ఆమె తిట్టలేదు.

"మా అమ్మ ఫోన్ చేసిందక్కా. నువ్వు మొగున్ని మోసం చేసినవా అని ఏడుస్తుంది. లేదే అంటే, మరి గా పిల్ల నీ దోస్తే కదా, అబద్ధం ఎందుకు చదువుతది అంటుంది. ఏం చెప్పాలె?"

ఆ అమ్మ హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా నాకూ ఒక డబ్బా సకినాలు తెచ్చేది. ఆమె నంబరు నా ఫోన్‌లో ఉంది. సాయంత్రం నుంచి మూడుసార్లు తీశాను. ఇంకా చేయలేదు.