పై క్లాసు గుర్రం

మచిలీపట్నం,
6 ఫిబ్రవరి 2025.

నాన్నగారికి శ్రీలేఖ నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరూ అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే మీరే మాట్లాడతారు, నేను వింటాను. అందుకే ఉత్తరం.

అన్నయ్య పెళ్ళి ఊరేగింపుకి మన గుర్రం కిరీటిని పంపమని కబురు చేశారు. కుదరదు. ఎలీషా మాస్టారు దానికి మళ్ళీ మొదటి మెట్టు నుంచి నేర్పుతున్నారు. డ్రెసాజ్‌లో, అంటే మేం వెళ్ళే గుర్రపు నడకల పోటీల్లో, ఆ మెట్టుని ప్రిలిమినరీ అంటారు. తిన్నగా నడవడం, గుండ్రంగా తిరగడం, ఆగమంటే నాలుగు కాళ్ళూ సమంగా పెట్టి ఆగడం. అవి కుదిరాక నోవీస్, ఆ తరవాత ఎలిమెంటరీ, మీడియం. డిసెంబరు పోటీకి పేరు కూడా ఇచ్చాను.

మీకిదంతా చాదస్తం. అన్నయ్యని ఆరు చదివించకుండా ఏడులో కూర్చోబెట్టిన మనిషి మీరు. అన్నిటికన్నా పై మెట్టులో గుర్రం ఉన్నచోటే నిలబడి అడుగులు వేయడం ఫోన్‌లో చూసి, ఓస్ ఇంతేనా, మన అవనిగడ్డ పెళ్ళిగుర్రాలు చేసేది ఇదేగా అన్నారు. చివర్లో నేర్పేది ముందే వచ్చేస్తే కింది క్లాసులెందుకమ్మా అని నన్నే అడిగారు. నేను విజయవాడలో పరీక్షలు రాస్తున్నప్పుడు పెళ్ళిగుర్రాల సత్తయ్యని పిలిపించి, కిరీటి కాళ్ళకి గజ్జెలు కట్టించి, డప్పు కొట్టించి ఆ ఆట నేర్పించారు. దాని నడుము ఇంకా బలపడలేదండీ అని మాస్టారంటే, గుర్రం నాదా మీదా అన్నారట. చేపల చెరువుల దగ్గర మీ స్నేహితులంతా చప్పట్లు కొట్టారట.

హైదరాబాదు పోటీకి మీరు ఫొటోల టైముకి వచ్చారు. జరిగింది చూడలేదు. మొదలుపెట్టమని జడ్జిగారు గంట కొట్టారు. ఆ గంట వినగానే కిరీటి ఆట మొదలెట్టింది. లోపలికి తీసుకెళ్ళి ఆపి నమస్కారం పెడదామంటే ఆగదు. ఆడుతూ ఆడుతూ గీత దాటి బయటికొచ్చేసింది. గీత దాటితే పోటీ నుంచి తీసేస్తారు. తీసేశారు. జనం నవ్వారు. ఒకావిడ, పెళ్ళికొడుకెక్కడమ్మా అని అడిగింది. మీరు ఇంటికి ముదినేపల్లి వెళ్ళి, మాస్టారికి చేతకాలేదని ఊరంతా చెప్పారు. ఆయన ఒక్క మాట తిరిగి అనలేదు. ఆయన బదులు నేనంటున్నాను.

కారెక్కి ఊరేగినా పెళ్ళి పెళ్ళే. అన్నయ్యని సంతోషంగా ఉండమన్నానని చెప్పండి. అమ్మని మోకాలి మందులు మానొద్దనండి.

ఇట్లు,
మీ మాట కాదన్న మీ కూతురు,
శ్రీలేఖ

తా.క.: పోటీకి పేరిచ్చానని పైన రాసింది అబద్ధం. ఏ మెట్టూ లేదు. హైదరాబాదులో గీత దాటాక నేను దాని మీంచి దిగేసరికే కిరీటి కుంటుతోంది. వెనక ఎడమకాలి నరం తెగింది, ఇక దాని మీద ఎవరూ ఎక్కకూడదని డాక్టరుగారు చెప్పేశారు. మీకు తెలిస్తే అమ్మేయమంటారని దాచాను. రోజూ పొద్దున్నే తాడు పట్టుకుని నడిపిస్తున్నాను, అంతే. మీరు తీసుకున్న కల్యాణమండపం కిరీటిని కట్టే షెడ్డున్న ఈ రోడ్డులోనే ఉందని ఇవాళ తెలిసింది, లేకపోతే ఇప్పుడూ చెప్పేదాన్ని కాదు. డప్పు వినిపిస్తే అది ఆ కాలి మీదే ఆడబోతుంది. ఊరేగింపుని వేరే దారిన తిప్పండి. కుదరకపోతే మా షెడ్డు దాటేదాకా డప్పు ఆపించండి.